దయ్యానికి కూడా ఒక అడ్రసు ఉండాలి

రెండు నెలల కిందట మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు కుర్రాడు నాకొక పీడీఎఫ్ పంపాడు. ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. జపాన్ దయ్యాల కథలంటే నాకు పిచ్చి అని ఎప్పుడో లిఫ్టులో నోరు జారినట్టున్నాను, అది గుర్తుపెట్టుకున్నాడు. “అక్కా, జపనీస్ మైథాలజీ మీద ఒక డార్క్ ఫాంటసీ నవల రాస్తున్నా. తెలుగులోనే. చదివి చెప్తారా?” అన్నాడు. ‘తెలుగులోనే’ అన్న మాట దగ్గర పడిపోయాను. తీరా చూస్తే 312 పేజీలు.

చదివాను. ముందు మంచి మాట చెప్తాను. వాక్యం బావుంది. ఆ వయసులో నాకు అంత సాఫీగా రాయడం రాలేదు. కథ కురొయామా అనే రాజ్యంలో జరుగుతుంది, అది అతను కల్పించిందే. రక్తం తాగే కత్తి ఉన్న కుర్రాడు హీరో. నలభై రకాల యోకైలు, అంటే జపాన్ దయ్యాలూ వింతజీవులూ, వస్తాయి. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా దానికి కొమ్ములెన్ని, బలమెంత, ఎక్కడ నరికితే చస్తుంది అని ఒక పేరా ఉంటుంది. చివర్లో రెండు ముఖాలు, నాలుగు చేతులు ఉన్న రాక్షసరాజు. చచ్చేవాళ్లు చస్తూనే ఉంటారు. ఇంట్లో అందరూ పడుకున్నాక, రాత్రి పదకొండున్నరకి, లైటు తగ్గించుకుని మరీ చదివాను. ఒక్కసారి కూడా భయం వెయ్యలేదు.

ఎందుకు వెయ్యలేదో అర్థం కావడానికి వారం పట్టింది. పనమ్మాయి రాని ఒక పొద్దున అంట్లు తోముతుంటే తట్టింది. ఆ నవలలో ఎవరిదీ ఏ ఊరూ కాదు. దయ్యాల సంగతి సరే, మనుషులది కూడా అంతే. అతనికి వాట్సాప్‌లో ఒక ముక్క పెట్టాను: “నీ దయ్యాలకి అడ్రసు లేదు.” నిమిషంలో జవాబు వచ్చింది: “ఫాంటసీకి అడ్రసేంటక్కా? గూగుల్ మ్యాప్స్ లింకు పెట్టమంటారా?”

న్యాయమైన ప్రశ్నే. వాట్సాప్‌లో పట్టని జవాబు ఇక్కడ రాస్తున్నాను.

మృత్యులోకానికి దారి

ఇప్పటికి మిగిలిన జపాన్ పుస్తకాల్లో అన్నిటికన్నా పాతది కొజికి. 712 నాటిది. అందులో ఇజనామి అనే దేవత అగ్నిని కని, ఆ కాన్పులోనే ఒళ్లు కాలి చచ్చిపోతుంది. భర్త ఇజనాగి ఉండబట్టలేక ఆమె కోసం యోమి అనే మృత్యులోకానికి వెళ్తాడు. ఆమె లోపలినుంచే మాట్లాడుతుంది. ఆలస్యంగా వచ్చావు, నేనిక్కడి తిండి తినేశాను, అయినా అడిగి చూస్తాను, అంతదాకా నా వైపు చూడొద్దు అంటుంది. ఎంతసేపటికీ రాదు. అతను ఆగలేక తలలోని దువ్వెన పన్ను ఒకటి విరిచి వెలిగిస్తాడు. భార్య ఒంటినిండా పురుగులు. అతను పరుగు లంకించుకుంటాడు, పరువు పోయిందన్న కోపంతో ఆమె వెంటపడుతుంది. చివరికి దారికి అడ్డంగా పెద్ద బండ పెడతాడు. బండకి అటు ఆమె, ఇటు అతను. అక్కడే నిలబడి తెగతెంపులు చేసుకుంటారు. “నీ దేశంలో రోజుకి 1,000 మందిని చంపుతా” అని ఆమె. “అయితే నేను రోజుకి 1,500 పురిటిపాకలు కట్టిస్తా” అని అతను.

నన్ను పట్టుకున్నది మాత్రం దాని తరవాత వచ్చే చిన్న మాట. ఆ వాలు దారినే ఇప్పుడు ఇజుమోలో ఇఫుయా వాలు అంటున్నారు అని రాస్తుంది కొజికి. మొదటి మరణం, మొదటి విడాకులు, జనన మరణాల లెక్క, ఇంత పెద్ద సంగతులు చెప్పి, చివర్లో ‘ఫలానా ఊరి పక్కనేలే’ అన్నట్టు ఒక గుర్తు చెప్పి ఊరుకుంటుంది. ఆ చోటు ఇప్పుడు షిమనేలోని మత్సుయె నగర పరిధిలో ఉంది. అక్కడ పెద్ద రాళ్లున్నాయి. చనిపోయినవాళ్లకి ఉత్తరాలు వేసుకునే డబ్బా కూడా పెట్టారు.

అదే మత్సుయెకి 1890లో లాఫ్కాడియో హెర్న్ ఇంగ్లిష్ మేష్టారుగా వచ్చాడు. తల్లి గ్రీకు, తండ్రి ఐరిష్. అక్కడే కొయిజుమి సెత్సుని పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ దీపం వత్తి తగ్గించి కథలు చెప్పేదట. పుస్తకం చూసి చదవబోతే ఒప్పుకునేవాడు కాదట, నీ మాటల్లో, నువ్వనుకున్నట్టు చెప్పు అనేవాడట. 1904లో వచ్చిన ‘క్వైదాన్’ అలా తయారైంది. అందులో మంచు ఆడమనిషి యుకి-ఒన్నా కథ తెలియని దయ్యాల పిచ్చివాళ్లు ఉండరు. ఆ కథ ముసాషిలో నిషితామా తాలూకా చోఫు ఊరి రైతు ఒకాయన తన సొంతూరి సంగతిగా చెప్పాడని హెర్న్ ముందుమాటలోనే రాశాడు. ఆ ఊరు ఇప్పుడు తోక్యో పడమటి కొసన ఓమె అనే పట్టణంలో కలిసిపోయింది. నిద్రలో ఉన్న ముసలాయన మీద వంగి ఊపిరి ఊది చంపే తెల్లటి ఆడమనిషికి కూడా ఊరుంది, తాలూకా ఉంది.

పగకి ఒక చోటు

జపాన్‌లో కసితో చచ్చినవాళ్లని ఒన్ర్యో అంటారు. అందులో ముగ్గురు పేరుమోసినవాళ్లు: మిచిజానె, మసకదో, సుతోకు. మొదటాయన గురించి ఎక్కువ చెప్పను. అన్యాయంగా ప్రవాసం పంపితే చచ్చి పిడుగులు కురిపించాడని భయపడి గుడి కట్టారు, ఇప్పుడు పరీక్షలు రాసే పిల్లలు ఆయనకే మొక్కుతారు.

సుతోకు మాజీ చక్రవర్తి. 1156లో అధికారం కోసం జరిగిన పోరులో ఓడిపోయాడు. షికోకు దీవికి పంపేశారు, 1164లో అక్కడే పోయాడు. తన చేత్తో రాసిన బౌద్ధ సూత్రాలని రాజధానికి పంపితే వెనక్కి తిప్పికొట్టారని, నాలుక కొరుక్కుని ఆ నెత్తురుతో శాపం రాశాడని కథ. 1776లో వచ్చిన ‘ఉగెత్సు మొనొగతారి’ కథల సంపుటిలో మొదటి కథ ఆయన సమాధి దగ్గరే జరుగుతుంది. కథ సంగతి అలా ఉంచండి. 1868లో కొత్తగా గద్దెనెక్కిన మెయిజీ చక్రవర్తి ఆ సమాధికి మనిషిని పంపి, సుతోకు ఆత్మని పిలిపించి క్యోతోలో గుడి కట్టించాడు. 700 ఏళ్లు దాటాక! (ఆ గుడి స్థలం ఒకప్పుడు బంతాట నేర్పే వంశం వాళ్లది. అందుకని ఇప్పుడు ఫుట్‌బాల్ ఆడేవాళ్లు వెళ్లి దండం పెట్టుకుంటారు. శాపం రాసిన చక్రవర్తి దీనికేమంటాడో మరి.)

మసకదో రాజు మీద తిరగబడిన యోధుడు, 940లో యుద్ధంలో చచ్చాడు. ఆయన తల పాతిపెట్టారని చెప్పే చోటు తోక్యోలో ఒతెమాచిలో ఉంది. చుట్టూ బ్యాంకులు, అద్దాల మేడలు. 1923 భూకంపం తరవాత ఆర్థికశాఖ వాళ్లు ఆ చోట తాత్కాలికంగా ఆఫీసు కట్టారు. కొద్ది కాలంలోనే మంత్రితో సహా కొందరు అధికారులు పోయారు, కట్టడం తీసేశారు. చావులకి కారణం ఆయనే అని నేననను. గజం స్థలం వదలని చోట ఆ కాస్త నేల మీద ఈరోజుకీ మేడ లేవలేదు, అంతే.

ఇక మా కుర్రాడి రెండు ముఖాల రాజు. ఆ రూపం ఈమధ్య యానిమేల్లో శాపాలకి రాజుగా కనిపిస్తున్న సుకునాది, అక్కడినుంచే తెచ్చుకున్నాడని తెలుస్తూనే ఉంది. 720 నాటి నిహోన్ షోకిలో సుకునా హిదా ప్రాంతపు దుర్మార్గుడు. రాజాజ్ఞ వినడు, జనాన్ని దోచుకుంటాడు, రాజు సేనాపతిని పంపి చంపిస్తాడు. అదే హిదా కొండల్లోకి వెళ్లి అడిగితే, సుకునా వాళ్ల మనిషి. తకయామా దగ్గర సెన్‌కోజి గుడి ఆయన కట్టించిందే అంటారు. 17వ శతాబ్దంలో ఎన్కూ అనే సన్యాసి చెక్కిన ఆయన బొమ్మ ఆ గుడిలోనే ఉంది. రాజధానిలో కూర్చుని రాస్తే రాక్షసుడు, కొండమీద అడిగితే గుడి కట్టిన పెద్దమనిషి. ఏ ఊరినుంచి చెప్తున్నావో తేల్చుకోకపోతే ఈ రెండు కథల్లో ఒక్కటీ చేతికి రాదు. మిగిలేవి నాలుగు చేతులే. ఈ ముక్క కుర్రాడికి చెప్తే, “ఇది నిజంగా తెలీదక్కా” అన్నాడు. తెలియకపోవడం తప్పు కాదు, నాకూ పదేళ్ల కిందట తెలీదు.

తొంభై తొమ్మిదో కథ

నన్ను ఈ అభిప్రాయానికి తెచ్చింది మాత్రం ఒకటిన్నర పేజీ కూడా లేని కథ. 1910లో జానపద పరిశోధకుడు యనగితా కునియో అచ్చువేసిన ‘తోనో మొనొగతారి’లో 99వది. తోనో ఈశాన్య జపాన్‌లో ఇవతె కొండల మధ్య ఊరు. అక్కడివాడు ససాకి కిజెన్ చెప్పిన 119 ముక్కలు ఆ పుస్తకం.

ఫుకుజి అనే అతను సముద్రం ఒడ్డున తనోహామా అనే పల్లెకి ఇల్లరికం వెళ్లాడు. 1896 సునామీలో భార్యా, ఒక బిడ్డా పోయారు. ఆ సునామీలో ఆ తీరమంతా కలిపి 22,000 మంది దాకా పోయారు. మిగిలిన ఇద్దరు పిల్లలతో, పాత ఇల్లున్న చోటే గుడిసె వేసుకుని ఏడాదిగా ఉంటున్నాడు. వేసవి మొదట్లో ఒక వెన్నెల రాత్రి దొడ్డికి లేచాడు. దొడ్డి దూరం, దారి అలలు తగిలే ఒడ్డు వెంబడే. మంచు కమ్మి ఉంది. అందులోంచి ఆడ, మగ ఇద్దరు వస్తున్నారు. ఆమె తన భార్య. తెలియకుండానే వెంట నడిచాడు, చాలా దూరం. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసి నవ్వింది. పక్కన ఉన్న మగమనిషిదీ అదే ఊరు, అతనూ సునామీలోనే పోయాడు. తను ఇల్లరికం రాకముందు వాళ్లిద్దరూ ఒకరంటే ఒకరు ప్రాణంగా ఉండేవాళ్లని విన్నాడు. “ఇప్పుడు ఈయనతో కాపరం చేస్తున్నాను” అంది. “పిల్లల మీద మమకారం లేదా?” అన్నాడు. ఆమె మొహం రంగు మారింది, ఏడ్చింది. అతను బాధతో తన పాదాల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఈలోపు వాళ్లిద్దరూ గబగబా నడిచి కొండ మలుపు తిరిగిపోయారు. కాస్త దూరం పరిగెత్తాక, వాళ్లు చచ్చిపోయినవాళ్లు కదా అని గుర్తొచ్చింది. తెల్లారేదాకా దారిలోనే నిలబడి, పొద్దున ఇంటికి వచ్చాడు. తరవాత చాలాకాలం జబ్బుగా ఉన్నాడు.

ఇంతే కథ. కత్తి లేదు, కొమ్ము లేదు. చచ్చాక కూడా ఆమె అతనిది కాలేదు, ఆ సంగతి అతనికి బతికుండగానే తెలిసింది. దీనికన్నా చీకటి కథ నేను చదవలేదు. అది కురొయామాలో జరగదు. దొడ్డి ఎంత దూరమో తెలిసిన చోటే జరుగుతుంది.

2011లో అదే తీరం మీదికి మళ్లీ సముద్రం వచ్చింది. తనోహామాకి దక్షిణంగా ఒత్సుచిలో ఒకాయన తోటలో తెల్లటి టెలిఫోన్ బూత్ ఉంది, లోపల ఏ తీగకీ తగిలించని పాత నల్ల ఫోను. పోయినవాళ్లతో మాట్లాడుకోవడానికి వేలమంది వచ్చారు. ఇంకా కిందికి, ఇషినోమాకిలో టాక్సీ డ్రైవర్లు చెప్పిన అనుభవాలని ఒక విద్యార్థిని తన డిగ్రీ సిద్ధాంతవ్యాసంలో రాసింది. ఎండాకాలం మొదట్లో మందపాటి కోటు వేసుకున్న ఆమె టాక్సీ ఎక్కింది. మినామిహామా వెళ్లాలి అంది. అక్కడిప్పుడు దాదాపు ఏమీ లేదు, ఫర్వాలేదా అన్నాడు డ్రైవరు. “నేను చచ్చిపోయానా?” అంది. తిరిగి చూస్తే వెనక సీటు ఖాళీ. మీటరు వేశాక ఎక్కినవాళ్లు మాయమైతే ఆ కిరాయి డ్రైవర్లే తమ జేబులోంచి కట్టారట. చూడండి, చచ్చాక కూడా ఆమె అడిగింది ఒక పేట పేరు.

మా అమ్మమ్మది దివిసీమ. 1977 ఉప్పెన గురించి ఎప్పుడు మాట్లాడినా శవాల గురించి చెప్పేది కాదు. ఆ తరవాత ఏడాది పాటు, దీపాలు పెట్టే వేళకి వాకిట్లో ఎవరో నిలబడి దారి అడిగేవాడట. తడిబట్టలతో. “ఇటు కాదు నాయనా, కట్ట ఎక్కి అటు పో” అని చెప్పేదట. భయం వెయ్యలేదా అంటే, “ఎందుకే, దారి తప్పినోడు” అనేది. 99వ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ వాకిలే.

నా మాటకి అడ్డొచ్చేవి

ఇప్పుడు నా మీద నేనే వకాల్తా పుచ్చుకుంటాను, ఎందుకంటే కుర్రాడు ఊరుకోలేదు.

మొదటిది. యోకైల జాబితా వెయ్యడం వీడియో గేములతో మొదలైన జబ్బు కాదు. ‘ఉగెత్సు’ వచ్చిన 1776లోనే తొరియామా సెకిఎన్ అనే చిత్రకారుడు పేజీకి ఒక దయ్యం చొప్పున బొమ్మల పుస్తకం వేశాడు. బాగా అమ్ముడుపోయింది. తరవాతి సంపుటాలకి పాత దయ్యాలు చాలక, మాటల మీద శ్లేషలు కట్టి కొత్తవి సొంతంగా పుట్టించాడు. వాటికి ఊరూ లేదు, పేరూ లేదు. ఇప్పుడు అవన్నీ ‘ప్రాచీన’ జానపదం కింద చెలామణీ అవుతున్నాయి. మరి ఆయన చేస్తే కళ, మూడో అంతస్తు కుర్రాడు చేస్తే తప్పా? దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. సెకిఎన్ నవ్వించడానికి గీశాడు, నువ్వు భయపెట్టాలనుకుంటున్నావు, అంతవరకే అనగలను.

రెండోది ఇంకా గట్టిది. మిజుకి షిగెరు, జపాన్ మొత్తానికి యోకైలని మళ్లీ పరిచయం చేసిన బొమ్మల కథల రచయిత. రెండో ప్రపంచయుద్ధంలో సిపాయిగా న్యూ గినీ పక్క దీవిలోని రబౌల్ వైపు వెళ్లాడు, బాంబుదాడిలో ఎడమ చెయ్యి పోయింది. ఆ అడవుల్లో ఒక రాత్రి ఒంటరిగా తప్పించుకుని వస్తుంటే ముందు ఏదో గోడలా అడ్డుపడిందట. ఎటు జరిగినా గోడే. అలిసిపోయి కూర్చుని, కాసేపటికి లేచి చూస్తే లేదు. అది నురికాబె అని ఆయన చెప్పుకున్నాడు. నురికాబె అంటే రాత్రి నడకలో దారికి అడ్డుపడే గోడ దయ్యం. యనగితా దాన్ని క్యూషూలో ఒంగా సముద్రతీరపు సంగతిగా రాసుకున్నాడు. ఒంగా ఎక్కడ, రబౌల్ ఎక్కడ! వేల కిలోమీటర్ల అవతల, ఊరు పేరు కూడా సరిగా తెలియని అడవిలో అది వచ్చి నిలబడింది.

ఈ సంగతి నా అడ్రసు సిద్ధాంతాన్ని ఇంచుమించు కూల్చేస్తుంది. రెండు రోజులు ఆలోచించాను. చివరికి నేను సర్దిచెప్పుకున్నది ఇది. దయ్యం ఊరు దాటగలదు, కానీ దాన్ని మోసుకెళ్లేవాడు ఒకడు ఉండాలి. చిన్నప్పుడు సకైమినాతోలో ఒక ముసలావిడ దగ్గర దయ్యాల కథలు విన్న పిల్లాడు చావుభయంతో పరిగెడుతున్నాడు కాబట్టి ఆ గోడ అక్కడికి వచ్చింది. కురొయామాకి యోకైలని మోసుకొచ్చినవాడు ఎవరు? ఎవరూ లేరు. అవి ముందే అక్కడున్నాయి, హీరో నరకడానికి. (మిజుకి పెరిగిన సకైమినాతోలో ఇప్పుడు ఒక వీధి పొడుగునా 170కి పైగా కంచు బొమ్మలు, ఎక్కువగా యోకైలవే, నిలబెట్టారు. అడ్రసు లేనివాటికి కూడా డోర్ నంబరు దొరికినట్టయింది.)

మూడోది కుర్రాడు విసిరిన బ్రహ్మాస్త్రం. “2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ యానిమే సినిమా తెలుగు డబ్బింగ్ చూశాం కదక్కా. హాల్లో అందరూ ఏడ్చారు. అక్కడ అడ్రసు ఎవడు చూశాడు?” నేనూ ఏడ్చాను, ఒప్పుకుంటాను. కానీ ఎక్కడ ఏడ్చామో చూడు అన్నాను. తల తెగిపడేటప్పుడు కాదు. ఆ రాక్షసుడు ఒకప్పుడు ఎవరి కొడుకో, మందుల కోసం దొంగతనం చేసి ఎన్ని దెబ్బలు తిన్నాడో, ఏ ఇంట్లో ఎవరు చేరదీశారో చూపించినప్పుడు. అతని అడ్రసు అతనికే గుర్తొచ్చినప్పుడు కదా హాలు కదిలింది? అవతలినుంచి చాలాసేపు ‘టైపింగ్’ అని వచ్చి, చివరికి బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది.

నాలుగో అభ్యంతరం ఎవరూ అడగలేదు, నేనే అడుగుతున్నాను. నేను జపాన్ వెళ్లలేదు. జపనీస్ రాదు. ఇవన్నీ ఇంగ్లిష్ అనువాదాల్లో, హైదరాబాద్‌లో ఫ్యాను కింద కూర్చుని చదివినవే. ఓమె ఎక్కడుందో మ్యాపులో చూశాను, అంతే. ఇంకొకరి ఊరికి కాపలా కాసే హక్కు నాకెవరిచ్చారు?

దక్షిణ ద్వారం

ఈ ఇబ్బందితోనే రెండోసారి పీడీఎఫ్ తెరిచాను. అప్పుడు కనిపించింది, మొదటిసారి నేను తప్పు అని మార్జిన్లో గీత పెట్టి దాటేసిన వాక్యం. కురొయామా కోటలోకి ఓనిలు, అంటే కొమ్ముల రాక్షసులు, దక్షిణ ద్వారంలోంచి వస్తాయి.

జపాన్‌లో అలా రావు. ఓనిల దారి ఈశాన్యం, దాన్ని కిమోన్ అంటారు, ఓనిల గుమ్మం. క్యోతోకి ఈశాన్యంగా హియెయ్ కొండమీద ఉన్న ఎన్ర్యాకుజి మఠం ఆ దిక్కు కాస్తుందని నమ్మకం. పాత లెక్కలో దిక్కులకి జంతువుల పేర్లుంటాయి, ఎద్దు దిక్కుకీ పులి దిక్కుకీ నడుమ ఉన్న మూల కాబట్టే ఓనికి ఎద్దు కొమ్ములూ పులితోలు గోచీ అని చెప్తారు. మనం ఏ మూల దేవుడి గది కట్టి, నీళ్ల సంపు తవ్వి, పొరపాటున బాత్రూమ్ వస్తే గోడ పగలగొట్టిస్తామో ఆ మూల అన్నమాట. కుర్రాడు ఇది చదవలేదు. చావు ఏ దిక్కునుంచి వస్తుంది అనుకోగానే చెయ్యి దక్షిణం అని రాసేసింది. వాళ్ల నాయనమ్మ దక్షిణం వైపు కాళ్లు పెట్టి పడుకోనివ్వదట, అడిగితే చెప్పాడు.

312 పేజీల్లో అడ్రసు ఉన్న వాక్యం అదొక్కటే. ఆ అడ్రసు జపాన్‌ది కాదు. మొదటిసారి దాన్నే నేను తప్పు అన్నాను.

ఆ మాటే ఫోన్ చేసి చెప్పాను. ఇంకో సంగతి కూడా చెప్పాను. తోక్యోలో జోషిగయాలో కిషిమోజిన్ అనే దేవత గుడి ఉంది. ఒకప్పుడు ఇతరుల పిల్లల్ని తినేది. బుద్ధుడు ఆమె పిల్లల్లో ఒకణ్ని దాచేస్తే ఏడ్చి, ఆ ఏడుపుతో మారి పిల్లలకి కాపలా దేవత అయింది. మారింది కాబట్టి, ఆ గుడి పేరులో ఓని అనే అక్షరానికి పైన కొమ్ములా ఉండే గీత రాయరు. ఆమె మన బౌద్ధ కథల్లోని హారీతి. నాగార్జునకొండ తవ్వకాల్లో హారీతి గుడి కూడా బయటపడింది. ఆ లోయంతా ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉంది. “నీకు కావలసిన దయ్యం అక్కడుంది, దాని పాత ఇల్లు నీళ్లలో ఉంది” అన్నాను, కొంచెం గొప్పగానే. చాలాసేపు మాట్లాడలేదు. “రాస్తే అక్కణ్నుంచే రాయాలేమో” అన్నాడు.

మొన్న శనివారం మళ్లీ ఫోన్ చేశాడు. నవల సంగతి కాదు. అంతకుముందు నేను మాటల్లో చెప్పిన మా అమ్మమ్మ వాకిలి సంగతి.

“అక్కా, ఆ తడిబట్టలతో వచ్చినాయన ఏ ఊరికి దారి అడిగేవాడు?”

తెలీదన్నాను. నేనెప్పుడూ అడగలేదు. అమ్మమ్మ పోయి పదకొండేళ్లు. రాత్రి అమ్మకి ఫోన్ చేసి అడిగాను. కాసేపు ఆలోచించి, “కట్ట ఎక్కి అటు పో అనేది కదే, అటంటే ఎటో మరి” అంది.